పోయిన వారం దిగినవ్ గదా!

కొండదారుల్లో సైకిల్ తొక్కే ఏ గుంపులోనైనా వారం వారం వినబడే మాట ఒకటుంది. రాళ్ల దిగుడు మొదలయ్యే చోట ఎవరో ఒకరు బ్రేకు పట్టి ఆగుతారు. ఒక కాలు నేల మీద పెట్టి కిందికి చూస్తారు. అంతే, వెనకాల నుంచి వచ్చేస్తుంది: "ఏంది మామా, పోయిన వారం దిగినవ్ గదా!"

ఇందులో తిట్టేమీ లేదు. చాలాసార్లు వెక్కిరింత కూడా ఉండదు. ధైర్యం చెబుతున్నామనే అనుకుంటారు ఆ మాట అన్నవాళ్లు. కానీ రెండున్నరేళ్లుగా ఈ దారుల్లో తిరుగుతున్నవాడిగా చెబుతున్నా, నాకు రాళ్లకన్నా ఈ మాటంటేనే భయం ఎక్కువ. ఎందుకంటే ఇందులో ఒక తప్పు లెక్క దాగి ఉంది. ఒకసారి చేసిన పని మళ్లీ మళ్లీ చేసి చూపించాల్సిన బాకీ అయిపోతుందనే లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో, దాని వల్ల దెబ్బ ఎవరికి తగులుతుందో చెప్పడానికే ఈ వ్యాసం. సైకిల్ ముట్టనివాళ్లు కూడా చదవండి. సెమిస్టర్ మార్కులున్న ప్రతివాళ్లకీ ఈ లెక్క వర్తిస్తుంది.

మన భాషలో ఒక తమాషా ఉంది. కొండ మీంచి సైకిల్ మీద కిందికి రావడాన్ని దిగడం అంటాం. సీటు మీంచి లేచి నేల మీద కాలు పెట్టడాన్నీ దిగడమే అంటాం. "ఆ బండ దగ్గర దిగావా?" అని ఎవరైనా అడిగితే, ఏ దిగడమో మళ్లీ అడిగి తెలుసుకోవాలి. భాష రెంటినీ ఒకేలా చూసింది. గుంపు మాత్రం అలా చూడదు. ఒక దిగడానికి చప్పట్లు, ఇంకో దిగడానికి సంజాయిషీ. రెంటికీ ఒకే గౌరవం ఉండాలన్నది నా వాదన.

ఒకే దారి, ఒకే సైకిల్, ఒకే మనిషి

మేం ఎక్కువగా వెళ్లేది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకి. మూసీ నది పుట్టేది అక్కడే. హిమాలయాల ఫొటోలు చూసి వచ్చినవాళ్లకి ఇవి కొండల్లాగే కనబడవు, నిజమే. కానీ ఎర్రమట్టి, మొరం, మధ్యలో తేలిన బండలు, అడ్డంగా పాకిన వేర్లు, పశువులు నడిచి నడిచి పడ్డ సన్నటి బాటలు... నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి బడి దొరకదు. నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న మామూలు హార్డ్‌టెయిల్. సస్పెన్షన్ ముందు చక్రానికి మాత్రమే ఉంటుంది, వెనక చక్రం కింద ఏముందో నడుముకి నేరుగా తెలుస్తుంది.

మొదటి నుంచీ నాకో అలవాటు ఉంది. ప్రతి రైడ్‌కీ ఫోన్‌లో రెండు అంకెలు రాసుకుంటా. బయల్దేరే ముందు ధైర్యం పదికి ఎంత, రూమ్‌కి వచ్చాక రైడ్ పదికి ఎంత. ఇప్పటికి అరవై పైచిలుకు రైడ్‌లున్నాయి. ఆ గ్రాఫ్ ఎవరికైనా చూపిస్తే ఈసీజీ అనుకుంటారు. ఎనిమిది, నాలుగు, ఏడు, మూడు, తొమ్మిది, ఐదు. ధైర్యం తొమ్మిది ఉన్న రోజున రైడ్ మూడు. ధైర్యం మూడుతో బయల్దేరిన రోజున రైడ్ ఎనిమిది. రెండు గీతల మధ్యా సంబంధం లేదని అనను, ఉంది. కానీ అందరూ చెప్పేంత గట్టి సంబంధం మాత్రం కాదు.

ఒక ఆదివారం నేను అనుకునేలోపే సైకిల్ మలుపు తిరిగేస్తుంది. బండ మీంచి చక్రం నీళ్లలా జారుతుంది. తర్వాతి ఆదివారం అదే మలుపులో హ్యాండిల్ పట్టుకుని బిగుసుకుపోతా. మోచేతులు కర్రల్లా అవుతాయి. సైకిల్ ఎవరో పరాయివాడిది అనిపిస్తుంది. అప్పుడు లోపల్నుంచి ఒక గొంతు మొదలవుతుంది: మొన్నటిది లక్కేమో, అసలు నాకు రాదేమో.

చాలామంది ఇక్కడే మానేస్తారు. మా బ్యాచ్‌లో తొమ్మిది మందిమి మొదలుపెట్టాం. ఇప్పుడు నలుగురం మిగిలాం. మానేసిన ఐదుగురిలో ఒక్కరు కూడా దెబ్బ తగిలి మానలేదు. "ఒకరోజు మస్తు వస్తది, ఒకరోజు అస్సలే రాదు, నాతోని కాదురా" అని మానారు. రాకపోతే మానేవాళ్లు తక్కువ. వచ్చి, పోయి, మళ్లీ వచ్చి, మళ్లీ పోతుంటే మనిషికి విసుగు పుడుతుంది.

అసలు ఏం మారుతుంది?

ఇంజనీరింగ్ చదువుతున్నాం కాబట్టి, "మూడ్ బాలేదు" అని వదిలేయకుండా మారేవేంటో ఒక్కొక్కటిగా రాసుకుందాం.

నేల. వాన వెలిసిన మూడో రోజో నాలుగో రోజో, తడి కాస్త మిగిలిన ఎర్రమట్టి టైరుని పట్టుకున్నట్టు ఇంకెప్పుడూ పట్టుకోదు. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి చెట్లు ఆకు రాలుస్తాయి. ఎండుటాకుల కింద రాయి ఉందో గుంత ఉందో కంటికి తెలీదు. వేసవి ముదిరాక మొరం వదులై గోళీల మీద తొక్కినట్టుంటుంది. "అదే దారి కదా" అంటాం గానీ, పేరు ఒక్కటే అది. కింద నేల వారానికోలా ఉంటుంది.

టైరు. చలికాలం తెల్లవారి 15 డిగ్రీల దగ్గర 30 పీఎస్ఐ గాలి కొట్టుకుని బయల్దేరామనుకోండి. పదింటికి ఎండలో టైరు 35 డిగ్రీలకి వేడెక్కితే, ఇంటర్‌లో చదివిన వాయు నియమం ప్రకారం లోపల దాదాపు 33 అవుతుంది. వాతావరణ పీడనాన్ని కలిపి, ఉష్ణోగ్రతని కెల్విన్‌లోకి మార్చి లెక్కేస్తే మీకూ అదే వస్తుంది. టైరు కాస్త గట్టిపడుతుంది, రాయి మీద పట్టు కాస్త తగ్గుతుంది. పొద్దున్నే గాలి సరిగ్గానే చూసుకున్నాం కాబట్టి మనకి టైరు మీద అనుమానం రాదు. మన మీదే వస్తుంది.

నిద్ర. రాత్రి రెండింటిదాకా ల్యాబ్ రికార్డు రాసి, ఐదింటికి లేచి, ఖాళీ కడుపుతో ఒక చాయ్ తాగి కొండెక్కినవాడు, హాయిగా ఎనిమిది గంటలు పడుకున్నవాడు ఒకటే మనిషి అయినా ఒకేలా తొక్కరు.

చూపు. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. గంటకి 20 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. పది మీటర్ల ముందుకి చూస్తూ తొక్కితే, రాయి కంటబడ్డాక చక్రం దాని దగ్గరికి చేరడానికి 1.8 సెకన్లు పడుతుంది. భయమేస్తే చూపు దానంతటదే దగ్గరికి, ముందు చక్రం వైపుకి వచ్చేస్తుంది. మూడు మీటర్ల ముందు చూస్తే మిగిలేది అర సెకను. ఆ అర సెకనులోనే రాయిని చూడాలి, ఎటు పోవాలో తేల్చుకోవాలి, ఒంటి బరువు మార్చాలి. కుదరదు. చక్రం రాయికి తగులుతుంది. తగలగానే భయం పెరుగుతుంది, చూపు ఇంకా దగ్గరికొస్తుంది. కంట్రోల్ సిస్టమ్స్‌లో పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అని చదువుతామే, అదే. అందుకే పొద్దున్నే ఉన్న గోరంత తేడా పదో నిమిషానికల్లా కొండంత అవుతుంది. బాగా సాగే రోజున అదే లూపు మనవైపు తిరుగుతుంది. ఒక రాయి సాఫీగా దాటితే చూపు ఇంకాస్త దూరం పోతుంది, తర్వాతి రాయి ఇంకా తేలికవుతుంది.

ఇన్ని కలిస్తే ఒక రైడ్. ఇందులో మన నైపుణ్యం ఒక పాలు మాత్రమే. కానీ చివర్లో మార్కులు వేసేటప్పుడు పూర్తి మార్కులూ దాని ఖాతాలోనే వేస్తాం.

వందకి నలభై ఏడు సార్లు

ఇప్పుడో లెక్క. అంకెలు నేను ఊహించి పెట్టినవే, విషయం అర్థం కావడానికి. మీ నైపుణ్యం ప్రతి రైడ్‌కీ కచ్చితంగా ఒక పాయింటు పెరుగుతోందనుకుందాం. ఎక్కడా ఆగదు, వెనక్కి పోదు. దాని మీద నేల, టైరు, నిద్ర, చూపు అన్నీ కలిసి స్కోరుని అటూ ఇటూ ఊపుతాయి. ఆ ఊపు నార్మల్ డిస్ట్రిబ్యూషన్, స్టాండర్డ్ డీవియేషన్ 10 పాయింట్లు, ఒక వారానికీ ఇంకో వారానికీ సంబంధం లేదు అనుకుందాం. ఇప్పుడు చెప్పండి, వరసగా రెండు రైడ్‌లు తీసుకుంటే రెండోది మొదటిదానికన్నా చెత్తగా ఉండే అవకాశమెంత?

100కి 47 సార్లు.

అంటే ఒక్క వారం కూడా వెనకడుగు వెయ్యకుండా మెరుగవుతున్న మనిషికి కూడా, దాదాపు సగం వారాలు "పోయిన వారం కన్నా దిగజారాను" అనే అనిపిస్తుంది. అదే మనిషి ఇరవై రైడ్‌లు పూర్తి చేసి, మొదటి పదింటి సగటునీ చివరి పదింటి సగటునీ పక్కపక్కన పెడితే మెరుగుదల కనబడే అవకాశం 100కి 98 పైనే. మనిషి మారలేదు, మెరుగుదలా మారలేదు. ఎంత దూరం నుంచి చూస్తున్నామన్నదే మారింది. నమ్మకం కుదరకపోతే పైథాన్‌లో పది లైన్లు రాసి చూడండి. మాథ్స్ పేపర్ రాసొచ్చి హాల్లోనే వదిలేసిన ప్రాబబిలిటీ ఇలా ఒక ఆదివారం పనికొస్తుందని నేనూ అనుకోలేదు.

దీనికి తోడు ఇంకో పాత సంగతి ఉంది. ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల ఎత్తునీ పిల్లల ఎత్తునీ పోల్చి ఒక పరిశోధన ప్రచురించాడు. బాగా పొడుగు తల్లిదండ్రుల పిల్లలు పొడుగ్గానే ఉంటారు గానీ, సగటున చూస్తే తల్లిదండ్రులంత ఉండరు, కాస్త సగటు వైపు జరుగుతారు అని తేలింది. పొట్టివాళ్ల పిల్లలు కూడా అలాగే సగటు వైపే జరుగుతారు. రిగ్రెషన్ టు ద మీన్ అని మనం చదువుకునేది దీన్నే.

ఆర్థికశాస్త్రంలో 2002లో నోబెల్ అందుకున్న మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ ఇదే సూత్రాన్ని మనుషుల మధ్య ఎలా చూశాడో రాశాడు. ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకి పాఠం చెబుతూ, తిట్టడం కన్నా మెచ్చుకోవడం వల్ల మనుషులు బాగా నేర్చుకుంటారని అన్నాడు. ఒక సీనియర్ శిక్షకుడు ఒప్పుకోలేదు. విన్యాసం బాగా చేసిన కుర్రాణ్ణి మెచ్చుకుంటే తర్వాతిసారి పాడు చేస్తున్నాడు, చెత్తగా చేసినవాణ్ణి గట్టిగా అరిస్తే తర్వాతిసారి బాగు చేస్తున్నాడు, నా అనుభవం ఇది అన్నాడు. ఆయన చూసింది నిజమే. చెప్పిన కారణం మాత్రం తప్పు. ఎప్పటికన్నా బాగా వచ్చిన విన్యాసం తర్వాతది మామూలుగానే కాస్త తగ్గుతుంది. ఎప్పటికన్నా చెడిపోయిన దాని తర్వాతది మామూలుగానే కాస్త మెరుగవుతుంది. మధ్యలో మెచ్చుకున్నా అంతే, అరిచినా అంతే. కానెమన్ అక్కడికక్కడే నేల మీద సుద్దతో గురి గీసి, అందరినీ దానికి వీపు పెట్టి నాణెం రెండుసార్లు విసరమన్నాడు. మొదటిసారి బాగా వేసినవాళ్లలో ఎక్కువమంది రెండోసారి దిగజారారు, మొదటిసారి చెడగొట్టినవాళ్లు మెరుగయ్యారు. మధ్యలో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.

ఇప్పుడు మన మాట దగ్గరికి రండి. "పోయిన వారం దిగినవ్ గదా" అని మనం ఎవరితో అంటాం? పోయిన వారం బాగా చేసినవాడితోనే. పోయిన వారం వాడికి అన్నీ కలిసొచ్చిన రోజు. అలాంటి రోజు తర్వాతి వారం కాస్త కిందికి ఉండటం మామూలు. ఆ మామూలు సంగతికి మనం పెట్టిన పేరు పిరికితనం. ఇంకో చిక్కు కూడా ఉంది. రైడ్ బాగా చెడిన రోజున ఆటపట్టిస్తే, తర్వాతి వారం ఎలాగూ కాస్త బాగుపడుతుంది. "చూశావా, నేను రెచ్చగొట్టా, వాడు దిగాడు" అని అన్నవాడు నమ్మేస్తాడు. ఆ శిక్షకుడి పొరపాటే మన గుంపుల్లో పద్ధతిగా స్థిరపడింది.

ధైర్యం ఒక ముల్లు

"కాన్ఫిడెన్స్ ఉంటే చాలు బ్రో, మిగతావన్నీ అవే వస్తాయి." రోజుకి ఎన్ని రీల్స్ ఈ మాట చెబుతాయో మీకు తెలుసు. నేను ఒప్పుకోను. ధైర్యం బండిని నడిపే ఇంజిన్ అని వాళ్ల నమ్మకం. నాకైతే అది డాష్‌బోర్డు మీద పెట్రోల్ ముల్లులా అనిపిస్తుంది. పాత బైకుల్లో ఆ ముల్లు ఒక్కోసారి తప్పు చూపిస్తుంది, నిజమే. అయినా ఎవరూ వేలితో నెట్టి ఫుల్ దగ్గర పెట్టి, ట్యాంకు నిండిందనుకుని శ్రీశైలం బయల్దేరరు.

పైగా ఈ ముల్లు చెప్పేది చాలాసార్లు పనికొచ్చే సమాచారం. నడుమెత్తు డ్రాప్ ఒకటి ఉందనుకోండి. తగినంత వేగంతో, బరువు వెనక్కి ఉంచి వెళ్తే రెండు చక్రాలూ దాదాపు కలిసి నేలకి వస్తాయి. అంచు దగ్గర సందేహం వచ్చి బ్రేకు నొక్కితే వేగం పడిపోతుంది, ముందు చక్రం ముందే కిందికి వంగుతుంది, మనిషి హ్యాండిల్ మీంచి ముందుకి పోతాడు. అంటే సందేహం ఉన్న రోజున ఆ డ్రాప్ నిజంగానే ఎక్కువ ప్రమాదకరం. ఎత్తు అంతే, రాయి అంతే, కానీ ఇవాళ మీరు వెళ్లబోయే వేగం వేరు. కాబట్టి భయంతో ఆగిపోయినవాడు చేస్తున్నది సరైన లెక్క. వాణ్ణి నెట్టడమంటే, చెయ్యి వణుకుతున్నవాడికి సోల్డరింగ్ ఐరన్ ఇచ్చి తొందరపెట్టడమే.

ఇదంతా మాలాంటి ఆదివారం రైడర్ల గోల అనుకుంటారేమో. పెద్దవాళ్లనీ చూడండి. టోక్యో ఒలింపిక్స్ మౌంటెన్ బైక్ రేసు 2021 జులై 26న ఇజులో జరిగింది. మాథ్యూ వాన్ డెర్ పోల్ అదే నెలలో టూర్ డి ఫ్రాన్స్‌లో పసుపు జెర్సీ వేసుకుని వచ్చాడు. మొదటి ల్యాప్‌లోనే ఒక డ్రాప్ దగ్గర ముందుకి పడిపోయాడు, తర్వాత రేసు నుంచి తప్పుకున్నాడు. ప్రాక్టీస్‌లో ఆ డ్రాప్ దగ్గర చెక్క వాలు ఉండేది, రేసు రోజున లేదు. ఉంటుందనుకునే వచ్చానని ఆయనే చెప్పాడు. ఆయనకి ధైర్యం తక్కువా? నైపుణ్యం తక్కువా? ప్రాక్టీస్ నాటి నేల రేసు నాడు లేదు, అంతే. ఆ రోజు స్వర్ణం గెలిచిన టామ్ పిడ్‌కాక్‌కి దాదాపు రెండు నెలల ముందే కాలర్‌బోన్ విరిగింది. మర్నాడు మహిళల రేసు గెలిచిన స్విట్జర్లాండ్ రైడర్ యోలాండా నెఫ్‌కి జూన్‌లో చెయ్యి విరిగింది. అంతకుముందు 2019 డిసెంబరులో ఇంకా పెద్ద ప్రమాదమై ప్లీహం చిట్లింది. ఈ ముగ్గురిలో ఎవరి గత నెల చూసి ఎవరి ఫలితం చెప్పగలం?

ఇంకొకాయన నీనో షుర్టర్. ఒలింపిక్స్‌లో 2008లో కాంస్యం, 2012లో రజతం, 2016లో స్వర్ణం. గ్రాఫ్ గీస్తే ఎంత అందమైన గీతో! 2021లో నాలుగో స్థానం. ఆ నాలుగో స్థానం చూసి ఆయనకి సైకిల్ రాదని ఎవరైనా అంటారా? మన స్నేహితుల విషయంలో మాత్రం ఒక్క ఆదివారానికే అనేస్తాం.

"మరి నెట్టకపోతే ఎదిగేదెలా?"

ఇది మంచి ప్రశ్న. దాటేయను. నిజంగానే ఎవరో ఒకరు పక్కనుండి నెట్టకపోతే మనలో చాలామంది మొదటి బండ దగ్గరే ఉండిపోతాం. నేను కూడా అలా నెట్టబడ్డవాణ్ణే. మాకో సీనియర్ ఉండేవాడు, ఇప్పుడు పాసై ఉద్యోగంలో ఉన్నాడు. ఎవరైనా ఆగితే పోయిన వారం ఊసెత్తేవాడు కాదు. పక్కన నిలబడి, "ఇయ్యాల చూపు ఎంత దూరం పోతుందిరా?" అని అడిగేవాడు. మలుపు దాకా పోతుందంటే, "సరే, నా వెనక చక్రం చూసుకుంటూ రా" అని మెల్లగా ముందు దిగేవాడు. చక్రం దగ్గరే ఆగిపోతోందంటే, "అయితే నడుద్దాం పా" అని తనూ సీటు దిగి సైకిల్ నడిపించుకుంటూ వచ్చేవాడు. దారిలో ఏ రాయికి ఎటు పోవాలో చూపించేవాడు.

నెట్టడానికీ రెచ్చగొట్టడానికీ తేడా నాకు అక్కడే తెలిసింది. ఆయన ఇవాళ్టి మనిషిని చూసేవాడు. రెచ్చగొట్టేవాళ్లు పోయిన వారం మనిషిని పిలిచి ఇవాళ్టివాడి మీదికి తోలతారు.

పోయిన ఫిబ్రవరిలో జరిగింది చెప్పాలి. మా జూనియర్ ఒకడు, ఫస్టియర్. వాళ్ల బ్యాచ్‌లో అందరికన్నా బాగా తొక్కేవాడు. ఒక ఆదివారం ఆ పెద్ద బండ వాలు సాఫీగా దిగేశాడు. ఎవరో వీడియో తీశారు, అందరి స్టేటస్‌లలో అదే. తర్వాతి ఆదివారం నేను ఊరెళ్లాను, వాళ్లు వెళ్లారు. ఆ వాలు పైన వాడు మూడుసార్లు ఆగాడట. రాలిన ఆకు కప్పేసింది, గీత కనబడటం లేదు. నాలుగోసారి ఎవరో ఆ మాటన్నారు. వెళ్లాడు. అంచు దగ్గర బ్రేకు నొక్కాడు.

కాలర్‌బోన్ విరిగింది. నెలన్నర చెయ్యి మెడకి కట్టుకుని తిరిగాడు, ల్యాబ్ ఇంటర్నల్స్ పోయాయి. ఇంట్లోవాళ్లు సైకిల్ అమ్మేశారు. వాళ్లని తప్పు పట్టలేం. నన్ను కలచివేసింది వాడు నన్నడిగిన ప్రశ్న. పరామర్శకి వెళ్తే, వెళ్లమన్నవాళ్ల మీద ఒక్క మాట అనలేదు. "అన్నా, పోయిన వారం దిగిన గదా. ఇయ్యాల ఎందుకు రాలేదన్నా?" అన్నాడు. గుంపు అన్న మాటే వాడు తనతో తను అనుకుంటున్నాడు. ఎముక అతుక్కుంది. తాను పిరికివాణ్ణనే తీర్పు మాత్రం వాడి లోపల అలాగే ఉంది.

ఈ లెక్కలన్నీ నేను మొదలుపెట్టింది ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూనే. జవాబు ఇది తమ్ముడూ: పోయిన వారం నేల వేరు, ఆకు లేదు, గీత కనబడింది. ఇవాళ కనబడలేదు. నువ్వు మూడుసార్లు ఆగింది నీ కళ్లు బాగా పనిచేస్తున్నాయి కాబట్టి.

ఏం చేద్దాం?

పెద్ద ఉద్యమాలేం అక్కర్లేదు. మా గుంపులో ఈ ఏడాది నాలుగు పద్ధతులు పెట్టుకున్నాం. మీ ఊళ్లో, మీ కాలేజీలో గుంపు ఉంటే మీరూ పెట్టుకోవచ్చు.

ఒకటి, సీటు దిగి నడిచినవాణ్ణి కారణం అడగకూడదు. వాడంతట వాడు చెబితే వినాలి.

రెండు, కొండ మీద "పోయిన వారం" అనే మాట వాడకూడదు. కిందికొచ్చాక చాయ్ దగ్గర ఎంతసేపైనా చెప్పుకోవచ్చు.

మూడు, మొదటి పావుగంట తేలిక బాటలోనే. పెద్ద వాలు ముందు సైకిల్ పక్కన పెట్టి, నడిచి దిగి, చూసి రావాలి. ఒకే చోట రెండుసార్లు ఆగితే మూడో ప్రయత్నం ఆ రోజుకి లేదు, నడకే.

నాలుగు, ఒక రైడ్‌కి మార్కులేసుకుని ఏడవకూడదు, ఎగరకూడదు. పది రైడ్‌ల సగటు ఒక్కటే లెక్క.

ఈ నాలుగోది సైకిల్ లేనివాళ్లకి కూడా. ఒక సెమిస్టర్‌లో ఎస్‌జీపీఏ 8.4 వచ్చి తర్వాత 7.6 వస్తే, కోడింగ్ కాంటెస్ట్‌లో రేటింగ్ ఒక రాత్రిలో పడిపోతే, ఒక మాక్ ఇంటర్వ్యూ అద్భుతంగా జరిగి తర్వాతిదాంట్లో నోరు పెగలకపోతే, మన క్లబ్బులో ఒక కథకి అందరూ చప్పట్లు కొట్టి తర్వాతి కథకి ఎవరూ ఏమీ అనకపోతే, "నాకు రాదేమో" అనే గొంతు మొదలవుతుంది. అప్పుడు ఆ గొంతుని ఒకటే అడగండి: ఎన్ని రైడ్‌లు చూసి చెబుతున్నావు?

పది సగటు కూడా కిందికే పోతుంటే? అది నిజమైన సమాచారం. నిద్ర చూసుకోవాలి, సైకిల్ సర్వీసింగ్ చూసుకోవాలి, తెలిసినవాళ్లని అడగాలి, కొన్నాళ్లు ఆగాలి. దాన్నీ దాచుకోనక్కర్లేదు. కానీ ఆ నిర్ణయం పదో రైడ్ తర్వాత తీసుకోండి, రెండో రైడ్ తర్వాత కాదు.

వానలు తగ్గాక, ఎర్రమట్టి కాస్త ఆరాక మళ్లీ అనంతగిరి వెళ్తాం. కొత్తవాళ్లు రావచ్చు, మానేసినవాళ్లు మళ్లీ రావచ్చు. సైకిల్ లేనివాళ్లకి ఒకటి సర్దుతాం. తమ్ముడూ, నీక్కూడా. హెల్మెట్, రెండు లీటర్ల నీళ్లు, ఒక స్పేర్ ట్యూబ్ తెచ్చుకోండి. ఏ బండ దగ్గరైనా సీటు దిగి నడవొచ్చు. ఎవరూ ఏమీ అడగరు.